తెరవకూడని మాటల పెట్టె

ఆ ఇంట్లో ఆమెని అందరూ దడుపమ్మ అనేవాళ్ళు. పేరు పెట్టింది అత్తగారే. కాపురానికొచ్చిన కొత్తలో కుక్కరు కూత వేసినప్పుడల్లా కోడలు ఒక అడుగు వెనక్కి వెయ్యడం చూసి, "ఇదెక్కడి పిల్లరా, తన నీడకి తనే దారిచ్చేలా ఉంది" అని పగలబడి నవ్వి, ఆ పేరు ఖాయం చేసింది. ఇరవై రెండేళ్ళు గడిచినా కోడలు మారింది లేదు. గ్యాసు కట్టేసిందో లేదో మూడుసార్లు చూసుకుంటేగానీ గడప దాటదు. లిఫ్టు ఎక్కమంటే మోకాళ్ళ నొప్పులని వంక పెట్టి మెట్లెక్కుతుంది. మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పెట్టవా అని అడిగేలోపే ఒక అంతస్తు ఎక్కేసి ఉంటుంది.

అంత భయస్తురాలికీ చేతులు మాత్రం మహా నిబ్బరం. కళ్ళద్దాల దుకాణంలో వెనక గదిలో పంతొమ్మిదేళ్ళుగా ఆమెదే పని. నువ్వుగింజంత స్క్రూలు, ఊపిరి తగిలితే ఎగిరిపోయే ముక్కుపట్టీలు, అరమిల్లీమీటరు తేడా వస్తే తలనొప్పి తెప్పించే అద్దాలు. ఫ్రేములు వంచడానికి అక్కడో వేడిగాలి యంత్రముంది. ఏ ప్లాస్టిక్ ఎంత వేడికి మెత్తబడుతుందో, ఎంత వేడికి బుడగలొస్తాయో ఆమెకి బుగ్గ దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది. యజమాని ఆ గది వైపు తొంగి చూడ్డం ఎప్పుడో మానేశాడు.

అత్తగారి సంగతి వేరు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషి. గొంతే ఆవిడ ఉద్యోగం, గొంతే ఆవిడ అధికారం. వీధి చివర కూరలబండి వాణ్ణి వంటింట్లోంచే ఆపగలిగేది. అలాంటావిడకి అరవై నాలుగో ఏట గొంతులో గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాల్సిందే అన్నారు డాక్టర్లు. "తియ్యండి, కానీ మూడు వారాలు ఆగండి" అంది ఆవిడ.

ఆ మూడు వారాలూ ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో కూర్చుని, మైకు ముందు నాలుగొందల పన్నెండు వాక్యాలు చదివింది. ఆసుపత్రి వాళ్ళిచ్చినవి కొన్ని, తను రాసుకున్నవి చాలా. "కూర చేసినవాళ్ళు రుచి చూశారా?" "నేను ఏడవడంలేదు, కళ్ళు మండుతున్నాయంతే." "నా మాట పూర్తికానివ్వండి." చివర్లో ఒక నవ్వు కూడా రికార్డు చేయించుకుంది, తనదే, పగలబడి నవ్వే నవ్వు. ఆ వాక్యాల్లోంచే, ఆవిడ కోసం తెప్పించిన మాట్లాడే యంత్రం ఆవిడ గొంతు నేర్చుకుంది. తర్వాత ఏ కొత్త మాట టైపు చేసినా ఆవిడ గొంతుతోనే పలికేది. పుస్తకమంత ఉండే బూడిదరంగు పలక. ఇంట్లో దానికి మాటల పెట్టె అని పేరు.

పెట్టె ఇంటికొచ్చిన మొదటిరోజే కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అలవాటు కొద్దీ వేళ్ళు స్క్రూల కోసం వెతికాయి. ఎక్కడా ఒక్క స్క్రూ లేదు. చుట్టూ జిగురు. వెనకాల సన్నటి అక్షరాలతో "తెరవరాదు" అని మాత్రం ఉంది. "దీనికేదైనా అయితే ఎలా విప్పుతారో" అంది. "నీకు అన్నీ పోయే సంగతులే" అంది పెట్టె, అత్తగారి గొంతుతో. అందరూ నవ్వారు.

నాలుగేళ్ళు బాగానే నడిచింది. అయిదో ఏడు మొదట్లో "క" అక్షరం మొరాయించింది. గట్టిగా నొక్కితేగానీ పడేది కాదు. తర్వాత తెర మధ్యలో నీటి మరకలాంటిది వచ్చింది. ఒక ఆదివారం ఉదయం కోడలు బల్ల తుడుస్తూ పెట్టెని కదిపితే అది బల్లమీద గిరగిరా తిరిగింది. బల్లపరుపుగా ఉన్న వస్తువు అలా తిరగదు. కళ్ళ ఎత్తున పెట్టుకుని చూసింది. పెట్టె పొట్ట ఉబ్బి ఉంది. ఒక మూల తెర లేచి, గోరు దూరేంత సందు పడింది. ఆ సందులోంచి వెలుతురు కనిపించింది.

పెట్టెని మెల్లగా బల్లమీద దించి రెండడుగులు వెనక్కి వేసింది.

పెట్టె చేసిన కంపెనీకి ఫోను చేసింది. అరగంట సంగీతం విన్నాక ఒకతను పలికాడు. మర్యాదస్తుడే.

"బ్యాటరీ ఉబ్బినట్టుంది మేడం. వెంటనే వాడటం ఆపెయ్యండి. నిప్పంటుకునే ప్రమాదముంది. మాకు పంపించండి."

"బ్యాటరీ మారుస్తారా?"

"ఈ మోడల్‌కి బ్యాటరీ మార్చడం ఉండదు మేడం. పెట్టె మొత్తం మారుస్తాం. ఆరు వారాలు పడుతుంది."

"మరి అందులో ఉన్న గొంతు కొత్తదాన్లోకి ఎక్కిస్తారు కదండీ?"

"లేదు మేడం. అది అందులోని చిప్పుకే అతుక్కుని ఉంటుంది. మా దగ్గర కాపీ ఉండదు. మీ భద్రత కోసమే. పాతదాన్ని నుజ్జు చేసేస్తాం. కొత్తదాన్లో ఆరు గొంతులుంటాయి, నచ్చింది ఎంచుకోవచ్చు. పాత గొంతే కావాలంటే మళ్ళీ రికార్డు చేయించుకోవాలి."

"ఆవిడకి గొంతు లేదండీ."

అవతల కాసేపు టైపు చేస్తున్న చప్పుడు. "అర్థమైంది మేడం. ఇంకేమైనా సహాయం కావాలా?"

"బయట ఎవరిచేతైనా విప్పిస్తే?"

"వేరే బ్యాటరీ పెడితే పెట్టె గుర్తుపట్టి లాక్ అయిపోతుంది మేడం. ఆ తర్వాత మేం కూడా తియ్యలేం."

ఆమె ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది. అత్తగారు కుర్చీలో కూర్చుని అంతా వింటోంది. ఫోను స్పీకరులో ఉంది. ఆవిడ ముఖంలో ఏమీ కనిపించలేదు. చీర కుచ్చిళ్ళు మాత్రం సర్దుకుంటోంది, సర్దినవే మళ్ళీ సర్దుకుంటోంది.

కోడలి భర్త దూరప్రాంతాలు తిరిగే బస్సు డ్రైవరు. వారంలో నాలుగురోజులు రోడ్డుమీదే. డిపోలోంచి ఫోనులో మాట్లాడుతూ గొంతు తగ్గించాడు. "పంపించెయ్. గొంతు పోతే పోయింది, ప్రాణం ముఖ్యం. నువ్వు పొద్దున పోతే సాయంత్రం వస్తావు. అది అంటుకుంటే అమ్మ అరవను కూడా అరవలేదు."

ఆ ఆఖరి మాట ఆమె గుండెలో దిగబడిపోయింది. అవును, అరవలేదు. పక్కింటివాళ్ళకి వినిపించేలా ఒక్క కేక వెయ్యలేదు. మర్నాడు దుకాణంలో అద్దం అరగదీస్తున్నంతసేపూ ఆమెకి కనిపించిందొక్కటే, మంటల మధ్య నోరు తెరిచి నిలబడ్డ అత్తగారు, చప్పుడు లేకుండా. ఆరోజు రెండు అద్దాలు పాడుచేసింది. పంతొమ్మిదేళ్ళలో అలా జరగడం అదే మొదలు.

ఇంటికొచ్చి కొన్ని ఏర్పాట్లు చేసింది. అత్తగారి చేతికి ఒక స్టీలు పళ్ళెం, గరిటె ఇచ్చింది, ఏదైనా అయితే మోగించమని. పెట్టెని వాడే కాసేపే వాడి, మిగతా సమయం బాత్రూంలో ఇనప మూకుట్లో పెట్టాలంది. అత్తగారు పెట్టె అందుకుని టకటకా కొట్టింది: "నా గొంతుని బాత్రూంలో పెడతావా?"

"మూకుట్లో అత్తయ్యా."

"మరీ గొప్ప."

రోజూ ఉదయం ఛార్జి పెట్టి, పక్కనే నిలబడి కాపలా కాసేది. తర్వాత ఒక్కో వాక్యం పలికిస్తూ తన ఫోనులో రికార్డు చేసుకునేది. కనీసం ఆ వాక్యాలైనా మిగులుతాయని. పన్నెండు నిమిషాల్లో పెట్టె నీరసపడి ఆరిపోయేది. నాలుగు రోజుల్లో నూట ముప్ఫై దాటలేదు. అదీగాక, వాక్యాలు మిగిలితే మాత్రం ఏం? కొత్త మాట ఒక్కటి పలకవు. నూట ముప్ఫై వాక్యాలతో ఎవరు బతకగలరు?

దుకాణం పక్క మేడకింద, మెట్ల అడుగున సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. అందరూ మెట్లకిందాయన అనేవాళ్ళు. ఎడమ కనుబొమ్మ లేదు. పెట్టెని తువ్వాల్లో చుట్టి తీసుకెళితే ఆయన ముట్టుకోకుండానే నాలుగువైపులా చూశాడు.

"నేను ముట్టనమ్మా."

"ఎందుకన్నయ్యగారూ?"

"మూడు కారణాలు. ఇది జిగురుతో మూసింది. తెర గాజు ఉల్లిపొరంత ఉంటుంది. లేపితే పగులుతుంది, పగిలితే ఇలాంటి తెర బయట దొరకదు. రెండోది, బ్యాటరీ అంచున చిన్న ఆకుపచ్చ పలక ఒకటుంటుంది. పెట్టె గుర్తుపట్టేది దాన్నే. దాన్ని పారెయ్యకుండా దానికే కొత్త బ్యాటరీ అతకొచ్చు. కానీ ఆ పలకకి ఒక్క క్షణం కరెంటు ఆగినా చచ్చిపోతుంది. అంటే పాతది తియ్యకముందే కొత్తది అతకాలి. ఉబ్బినదాని పక్కన టంకం వేసే వేడి ఇనుము పెట్టి." ఆయన తన ఎడమ కన్ను పైభాగం తడుముకున్నాడు. "మూడో కారణం ఇదిగో."

"గాజు నేను లేపుతాను" అంది ఆమె. అన్నాక ఆ మాట ఎవరన్నారా అని తనే తెల్లబోయింది.

ఆయన నవ్వలేదు. "ఆలోచించుకోమ్మా. పోతే రెండూ పోతాయి, గొంతూ పోతుంది, చేతులూ పోతాయి."

ఆమె పెట్టెని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని వచ్చేసింది. కంపెనీకి పంపించెయ్యాలనే నిర్ణయించుకుంది. అట్టపెట్టె కూడా తెచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం మనసాగక అన్నానికని ఇంటికొచ్చి తలుపు తియ్యగానే ముక్కుకి ఏదో తగిలింది. తియ్యటి వాసన, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు. అత్తగారు కుర్చీలో నిద్రపోతోంది. పెట్టె ఆవిడ గుండెలమీద ఉంది. బాత్రూంలోంచి తెచ్చుకుని ఎవరితోనో, బహుశా తనతో తనే, మాట్లాడుకుంటూ నిద్రపోయినట్టుంది.

కోడలికి కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. కేక వెయ్యాలంటే భయం, అత్తగారు ఉలిక్కిపడి పెట్టెని కింద పడేస్తే? వెయ్యకపోతే భయం. నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులూ ఎలా వేసిందో ఆమెకి తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాలేదు. రెండు చేతులతో పెట్టెని, పసిబిడ్డని తొట్లోంచి తీసినట్టు, ఆవిడ గుండెలమీంచి తీసింది. వెచ్చగా ఉంది. జ్వరమొచ్చిన మనిషి అంత వెచ్చగా. బాత్రూందాకా పదకొండు అడుగులు. మూకుట్లో పెట్టి, తలుపు వేసి, గోడకి చేరగిలబడి అక్కడే కూలబడిపోయింది. కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి అత్తగారు ఎదురుగా నిలబడి ఉంది. చేతిలో కాగితం. ఆవిడ దస్తూరి ఎప్పుడూ ముత్యాల్లా ఉండేది, ఇవాళ గీతలు వంకరపోయాయి.

"నాకు భయంగా ఉంది" అని రాసి ఉంది.

ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆ మాట అనడం కోడలు వినలేదు. ఆపరేషనుకి లోపలికి తీసుకెళుతున్నప్పుడు కూడా వార్డుబాయ్ చొక్కా గుండీ ఊడిందని చెప్పి వెళ్ళిన మనిషి.

"భయపడకండి అత్తయ్యా, పంపించేస్తాను. కాలిపోయే ప్రమాదం ఉండదు."

ఆవిడ తల అడ్డంగా ఊపి, కాగితం లాక్కుని కింద ఇంకో ముక్క రాసింది. "నిప్పుకి కాదు. ఆ ఆరు గొంతుల్లో ఒకటి నా నోట్లో పెట్టకు."

కోడలు ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత లేచి ముఖం కడుక్కుని మెట్లకిందాయన దగ్గరికి వెళ్ళింది. గాజు ఆమే లేపేటట్టయితే తీగలు అతకడానికి ఆయన ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున కళ్ళద్దాల దుకాణానికి సెలవు. యజమానికి ఉన్నమాట చెప్పి తాళాలడిగింది. ఆయన తాళాలు తీసి, ఇవ్వకుండా గుప్పిట్లోనే పట్టుకున్నాడు. "దుకాణం తగలబెట్టవు కదమ్మా?" అన్నాడు చివరికి. "చెప్పలేనండీ" అంది ఆమె. ఆయన తాళాలిచ్చి, రెండు బకెట్ల ఇసక తెప్పించి, ఒకటి లోపల పెట్టించి, ఒకటి పక్కన పెట్టుకుని బయట మెట్టుమీద కూర్చున్నాడు. భర్తకి చెప్పలేదు. చెబితే వద్దంటాడు, వద్దంటే ఆగిపోతుంది. అత్తగారిని ఇంట్లోనే ఉంచింది. ఆవిడ గుమ్మందాకా వచ్చి, కోడలి భుజంమీద దుమ్మేదో ఉన్నట్టు దులిపి లోపలికి వెళ్ళిపోయింది.

వెనక గదిలో బల్లమీద తెల్లగుడ్డ పరిచారు. మెట్లకిందాయన కొత్త బ్యాటరీ తెచ్చాడు, అదే కొలతది, పాతదాంట్లో ఎంత ఛార్జి మిగిలిందో అంతకే దించి. "ఛార్జి తక్కువుంటే కోపం తక్కువుంటుంది" అన్నాడు. "పెట్టె ఆపేశాను. పలకకి మాత్రం లోపల్నించి కరెంటు అందుతూనే ఉంటుంది. నువ్వు కానియ్యి."

ఆమె వేడిగాలి యంత్రం వేసింది. బ్యాటరీకి వేడి తగలకూడదు, అంచుకి మాత్రమే తగలాలి. గాలిని ముందు బుగ్గకి చూసుకుంది. ఇంకొంచెం తగ్గించింది. కొత్త ఫ్రేముల్లో నమూనాకి పెట్టే ప్లాస్టిక్ అద్దం ఒకటి తీసి చంద్రవంకలా కత్తిరించి, అంచు పలచగా అరగదీసింది. లేచిన మూలలోంచి దాన్ని లోపలికి తోసింది. జిగురు సాగింది. ఇంకో బియ్యపుగింజంత ముందుకి. ఆగింది. మళ్ళీ వేడి.

వణుకంతా మోకాళ్ళలోకి దిగింది. బల్లకింద కాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి, బల్లపైన చేతులు మాత్రం వేరెవరివో అన్నట్టు నెమ్మదిగా కదులుతున్నాయి. మెట్లకిందాయన ఒకసారి కాళ్ళవైపు, ఒకసారి చేతులవైపు చూశాడు. మూడోవైపు వెళ్ళేసరికి గాజు టిక్కుమంది. ఆమె వేడిగాలి పక్కకి తిప్పి, వంగి చూసింది. పగులు కాదు, జిగురు తెగిన చప్పుడు. నలభై నిమిషాలకి తెర పూర్తిగా లేచింది. పక్కకి ఒరిగిస్తే కింద నుంచి నారింజరంగు పట్టీ ఒకటి దానికి అంటుకుని ఉంది. అది తెగితే తెర గుడ్డిది. ఆమె కళ్ళద్దాల డబ్బా ఒకటి అడ్డం పెట్టి తెరని దానికి ఆనించింది.

లోపల బ్యాటరీ కనిపించింది. పలచటి వెండిరంగు దిండు. గాలి నింపినట్టు బిగిసి, పైతోలు నిగనిగలాడుతోంది. గోరు తగిలితే చాలు అన్నట్టుంది.

"అమ్మో" అన్నాడు మెట్లకిందాయన. అంతటివాడు అమ్మో అనేసరికి ఆమె ఇసక బకెట్టుని కాలితో దగ్గరికి లాక్కుంది.

ఆయన ఇనుము వేడి చేసి, ఆకుపచ్చ పలకకి కొత్త బ్యాటరీ తీగ మొదటిది అతికాడు. రెండోది పెట్టబోతుండగా ఫ్యాను ఆగింది. లైటు ఆరింది. కరెంటు పోయింది.

"ఇనుము చల్లారిపోతుంది" అన్నాడాయన. "కదలకు. ఆ తీగ నేను పట్టుకుంటాను, నువ్వు ఆ దిండుకి ఇది తగలకుండా చూడు." ఆమె రెండింటి మధ్యా ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టి పట్టుకుంది. కిటికీ లేని గది. ముందు గదిలోంచి వచ్చే వెలుతురు బల్ల అంచుదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" బయటినుంచి యజమాని.

"కరెంటు పోయిందండీ!"

"వచ్చెయ్యండి బయటికి!"

"రాకూడదండీ!"

ఎంతసేపో తెలియదు. ఆ తియ్యటి వాసన మళ్ళీ వచ్చిందా, లేక తనకే అలా అనిపించిందా అని ఆమె పదేపదే ముక్కు ఎగబీల్చింది. చేతులు మొద్దుబారాయి. ముక్కుమీద చెమట చుక్క జారి కొసన నిలిచింది. అది సరిగ్గా పలకమీద పడేలా ఉంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. తల మెల్లగా పక్కకి తిప్పింది.

"నా కనుబొమ్మ పోయినరోజు" అన్నాడు మెట్లకిందాయన హఠాత్తుగా, "మా ఆవిడ నన్ను చూసి ఏడవాల్సింది పోయి, రెండోదీ గీయించుకోండి, సమానంగా ఉంటుంది అంది."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే చేతులు కదులుతాయని పెదవి కొరుక్కుంది. "కథలు తర్వాత చెప్పండన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను."

"భయమేసి చెబుతున్నానమ్మా."

లైటు వెలిగింది. ఇనుము మళ్ళీ కాలడానికి ఇంకో రెండు నిమిషాలు. రెండో తీగ అతుక్కుంది. ఆయన చిన్న కత్తెర తీసుకుని పాతదాని తీగ ఒకటి కత్తిరించాడు, ఆగాడు, రెండోదీ కత్తిరించాడు. ఏమీ జరగలేదు. ఇక పాతదాన్ని లేపాలి, అదీ అడుగున జిగురుతో అంటించి ఉంది. పొడిచి లేపితే అంతే సంగతులు. సగం ఫ్రేము కళ్ళద్దాలకి అద్దం నిలబెట్టే నైలాను దారం ఆమె దగ్గర చుట్టలకొద్దీ ఉంది. మూరెడు తీసుకుని, దిండు కిందనించి పోనిచ్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ రంపంలా లాగింది. మెల్లగా, జిగురు తెగుతూ, దిండు ఊడి వచ్చింది.

ఇసక బకెట్టు మధ్యలో గుంట చేసి దాన్ని పెట్టి, పైన ఇసక కప్పి, మెట్లకిందాయన బకెట్టు బయటికి తీసుకెళ్ళి రోడ్డు వారన పెట్టాడు. తిరిగి మెట్టెక్కాడో లేదో వెనకాల బుస్సుమని చప్పుడు. ఇసకలోంచి తెల్లటి పొగ మనిషెత్తు లేచింది. యజమాని తన బకెట్టు వదిలేసి రోడ్డు అవతలికి పరిగెత్తాడు. అవతలికి వెళ్ళాక బకెట్టు గుర్తొచ్చి, మళ్ళీ ఇవతలికి వచ్చి, దాన్ని పొగమీద కుమ్మరించి, మళ్ళీ అవతలికి పరిగెత్తాడు.

కోడలు గుమ్మంలో నిలబడి ఆ పొగ చూసింది. మొన్ననే అది అత్తగారి గుండెలమీద ఉంది. ఆమె చటుక్కున కూర్చుండిపోయింది, కుర్చీ ఉందో లేదో చూడకుండా. అదృష్టంకొద్దీ మెట్టు ఉంది.

తెర మూశాక మెట్లకిందాయన "నువ్వే నొక్కమ్మా" అన్నాడు. నొక్కింది. తెర తెల్లబడింది. "భాగాలను పరిశీలిస్తోంది. వేచి ఉండండి." ఒక చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. ఆ చక్రం చూస్తూ ఆమె ఇల్లు తలుచుకుంది. ఖాళీ చేతులతో వెళ్ళి ఏం చెప్పాలి? భయపడ్డట్టే అయిందత్తయ్యా అనా? చక్రం ఆగింది. తెర నల్లబడింది. ఆయన "అయ్యో" అన్నాడు. తర్వాత అక్షరాలు ఒక్కొక్కటిగా వెలిగాయి, క ఖ గ ఘ, ఎప్పటిలాగే వరసగా.

ఆమె ఏ మాటా పలికించలేదు. పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద వేసుకుని కాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. మెట్లకిందాయన ఇనుము తుడుచుకుంటూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉంది. ఒళ్ళో స్టీలు పళ్ళెం, గరిటె. పెట్టె అందుకుని, అరచేత్తో వెనకాల తడిమి చూసింది, చదునుగా ఉందా అని. "క" మీద వేలు ఆనిస్తే చాలు, పడింది. నెమ్మదిగా టైపు చేసింది. పెట్టె పలికింది, ఆవిడ గొంతుతో, ముందెప్పుడూ అనని మాట:

"అమ్మాయీ, కూర్చో. మోకాళ్ళు చూడు, ఎలా ఆడుతున్నాయో."

ఆ సాయంత్రం భర్త ఫోను చేస్తే పెట్టే మాట్లాడింది. అతను ఆ గొంతుతో తన పేరు రెండుసార్లు పలికించుకున్నాడు. తర్వాత భార్యని పిలిచి అరగంట తిట్టాడు. తిట్లన్నీ అయ్యాక, "గాజు పగల్లేదా నిజంగా?" అన్నాడు.

అయితే భయం అక్కడితో పోలేదు. పెట్టెకి ఇంటర్నెట్టు తగిలితే కంపెనీకి కబురు పోతుందేమోనని ఆ ఇంటర్నెట్టుని ఆపేసి ఉంచారు. ఆ తర్వాతి రెండు వారాల్లో నాలుగొందల పన్నెండు వాక్యాలూ, నవ్వుతో సహా, ఫోనులోకి ఎక్కించుకున్నారు. కానీ ఏడాదికోసారి కంపెనీ మనిషి తనిఖీకి వచ్చేవాడు. ఆ నెల దగ్గరపడేకొద్దీ ఆమెకి తిండి సయించలేదు. తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడేది.

వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుంటాయి, మెళ్ళో గుర్తింపుకార్డు, భుజానికి ల్యాప్‌టాప్ సంచి. పెట్టెని చేతిలోకి తీసుకుని, అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు. మళ్ళీ వెనక్కి పోనిచ్చాడు.

"దీన్ని విప్పారా?"

లేదందామని నోరు తెరిచింది. "విప్పాను" అంది. "బ్యాటరీ ఉబ్బింది. మీవాళ్ళు గొంతు ఇవ్వలేమన్నారు. నేనే విప్పాను. లాక్ చెయ్యకండి బాబూ. కావాలంటే నామీద ఏదైనా రాసుకోండి, ఆవిడ గొంతు మాత్రం తియ్యకండి." చేతులు జోడించింది.

అతను ల్యాప్‌టాప్ తియ్యలేదు. పెట్టెని వెలుతురుకి ఎత్తి అంచు చూశాడు. "మా వర్క్‌షాపులో వేరే మోడళ్ళు విప్పేటప్పుడే పదింట్లో నాలుగు గాజులు పగులుతాయండీ" అన్నాడు. "మిషన్లున్నాయి మాకు. మీరు దేంతో లేపారు?"

చెప్పింది. వేడిగాలి, నమూనా అద్దం, నైలాను దారం. అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. తర్వాత తనిఖీ కాగితం తీసి, కలం పెట్టి, తలుపువైపు ఒకసారి చూశాడు. "ఇంట్లో ఎవరూ లేరు, తాళం వేసి ఉంది అని రాస్తున్నానండీ."

"ఉన్నాం కదా" అంది పెట్టె.

"అత్తయ్యా!" అంది కోడలు.

అతను నవ్వు ఆపుకుంటూ సంచి సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కోడలు తలుపేసి, గడియ పెట్టి, కిటికీలోంచి అతను వీధి మలుపు తిరిగేదాకా చూసింది. మనసు మార్చుకుని వెనక్కి వస్తాడేమోనని ఆ వారమంతా కనిపెట్టుకునే ఉంది.

మరుసటి ఏడు తనిఖీకి ఎవరూ రాలేదు. ఆ రకం పెట్టెలు చెయ్యడం మానేశామనీ, ఇకమీదట వాటికి మరమ్మతులుగానీ మార్పిడిగానీ ఉండవనీ, కొత్తరకం కొనుక్కోమనీ కంపెనీనించి ఉత్తరం వచ్చింది. కోడలు దాన్ని రెండుసార్లు చదివి, అత్తగారికిచ్చింది. ఆవిడ చదివి మడిచి కుర్చీ కాలికింద పెట్టింది, అది ఎప్పట్నించో కుంటుతోంది.

కోడలు ఆ మధ్యాహ్నమే మెట్లకిందాయన దగ్గరికి వెళ్ళి, అదే కొలత బ్యాటరీ ఇంకోటి తెప్పించి ఉంచమని చెప్పింది. చెబుతుంటేనే ఆమె అరచేతులు చెమట పట్టాయి.